మెట్లు దిగిన వేసవి

ఆ సాయంత్రం బడి బస్సులోంచి పిల్లలందరూ తడిసి దిగారు. మా గుండుసూది ఒక్కతే పొడిగా దిగింది.

వేసవి సెలవులిచ్చే ముందు క్లాసు మొత్తాన్నీ ఆటల పార్కుకి తీసుకెళ్ళారు. దీన్ని మాత్రం బళ్ళో ఆయమ్మ దగ్గర కూర్చోబెట్టి, తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎక్కించుకున్నారు. ఆయమ్మ దీని తల్లో పేలు చూసిందట, ఒక్కటీ దొరకలేదట. నా చెయ్యి పట్టుకుని ఫుట్‌పాత్ మీద నడుస్తూ ఇదంతా చెప్పింది గానీ, కళ్ళు మాత్రం ముందు నడుస్తున్న పిల్లల తడి జడల మీదే ఉన్నాయి.

గుండుసూది మా అక్క కూతురు. తొమ్మిదేళ్ళది. పుట్టినప్పుడు సన్నటి ఒంటికి గుండ్రటి తలకాయ ఉండేదని మా బావ ఆ పేరు పెట్టాడు. మాటలొచ్చాక ఆ పేరు ఇంకో రకంగా కూడా అతికింది. దానికి కండల్లో బలం కొంచెం కొంచెంగా తగ్గిపోయే జబ్బు. నడుస్తుంది, కానీ పడవలా అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంది. నేల మీంచి లేవాలంటే ముందు చేతులు నేలకి ఆనించి, తర్వాత మోకాళ్ళ మీద పెట్టి, ఆ తర్వాత తొడల మీదికి జరుపుకుంటూ, తన ఒంటిని తనే ఎక్కుతున్నట్టు లేస్తుంది. లేచాక, ఏదో సాధించినట్టు ఓసారి చుట్టూ చూస్తుంది.

నేను మా ఊరి బళ్ళో పదో తరగతితో ఆపేసి, అక్క రమ్మంటే వాళ్ళింటికొచ్చాను. పొద్దున కర్టెన్లు కుట్టే షాపులో పని, మధ్యాహ్నం నుంచి గుండుసూదితో. అక్క ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోట పనిచేసేది. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మేం ఉండేది మాత్రం లిఫ్టు లేని బిల్డింగులో, మూడో అంతస్తులో. "ఊళ్ళో అందర్నీ పైకెత్తుతాడు మహానుభావుడు. పెళ్ళాన్ని మాత్రం మెట్లెక్కిస్తాడు," అనేది అక్క, ఆయాసపడుతూ సంచులు దించుకుంటూ.

ఆ రాత్రి అన్నాల దగ్గర గుండుసూది కంచం పక్కకి నెట్టింది.

"నాకూ తడవాలి."

"బాత్రూంలోకి రా, చెంబులు చెంబులు పోస్తా," అంది అక్క.

"అలా కాదు. ఎత్తు మీంచి పడి తడవాలి. నీళ్ళ పడవంట నాన్నా. గొలుసు పట్టి పైకి లాగుతుందంట. పైకెళ్ళాక ధడేల్మని వదిలేస్తుందంట. మా క్లాసులో అందరూ ఎక్కారు. ఆ ముక్కు చీదే పిల్ల కూడా ఎక్కింది. ఎక్కి ఏడ్చింది కూడానంట."

"మీ టీచరు ఏమంది?" అన్నాడు బావ.

"వచ్చే ఏడు చూద్దాంలే అంది."

అక్క చేతిలో గరిటె ఒక్క క్షణం గిన్నె మీదే ఆగింది. మా ఇంట్లో వచ్చే ఏడు అన్న మాట ఎవరూ అనరు. పదేళ్ళకో పదకొండుకో చక్రాల కుర్చీ తప్పదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆ మాట చెప్పినప్పుడు అది దూరంగా ఉండేది.

"సెలవులయ్యేలోపు వెళ్దాం," అన్నాడు బావ. "ముందు నేను వెళ్ళి చూసొస్తాను."

"పార్కుని చూసి రావడమేంటయ్యా? పెళ్ళి సంబంధమా?" అంది అక్క.

కానీ బావ పద్ధతే అంత. కొత్త లిఫ్టు బిగించినా, పాతది బాగుచేసినా, అందులోకి మనుషుల్ని ఊరికే ఎక్కనివ్వడు. ముందు ఖాళీగా నడుపుతాడు. తర్వాత బరువుకి తగ్గ ఇసుక బస్తాలు పెట్టి నడుపుతాడు. తర్వాత తను ఎక్కుతాడు. ఓనర్లు ఎంత తొందరపెట్టినా వినడు. అలాంటి మనిషి కూతుర్ని ఎవరో బిగించిన గొలుసు మీద ఎలా వదుల్తాడు?

మర్నాడు నా దగ్గరికొచ్చి, "ఒక గట్టి సంచీ కుట్టిపెడతావా? మన గుండుసూదంత," అన్నాడు.

షాపులో మిగిలిన పూల కర్టెన్ గుడ్డ తెచ్చి కుట్టాను. బావ అందులో ఇసుక పోసి, కింద కొట్టాయన తూకం మీద కూర్చోబెట్టి, గుండుసూది ఎంత తూగుతుందో అంతకి సరిచేశాడు. అది పక్కనే నిలబడి చూస్తోంది.

"తల ఏది?" అంది.

"తలెందుకే, బరువు చాలు," అన్నాడు.

"తల లేకపోతే నేనని ఎలా తెలుస్తుంది? తల కుట్టు పిన్నీ."

గుండ్రంగా చిన్న తల కూడా కుట్టాను. బావ ఆదివారం పొద్దున్నే ఆ సంచీని భుజాన వేసుకుని బయల్దేరాడు. అక్క బాల్కనీలోంచి చూసి, "పిల్లని ఇంట్లో వదిలేసి ఇసుకని పార్కుకి తీసుకెళ్ళే తండ్రి ఇంకెవరికైనా ఉంటాడా," అని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

తిరిగొచ్చేసరికి పొద్దు గూకింది. చొక్కా తడిసి ఆరినట్టుంది. మెట్లెక్కొచ్చి సంచీని కుర్చీలో కూర్చోబెట్టి, తను నేల మీద కూలబడ్డాడు.

"గేటు దగ్గరే ఆపారు. ఏంటిది అన్నారు. మా అమ్మాయి అన్నాను."

"అయ్యో రామా," అంది అక్క.

"నలుగురు చేరి చేతులు పెట్టి తడిమారు. పెద్దాయన్ని పిలిచారు. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, దేనిలోనూ ఎక్కించనని మాటిస్తే లోపలికి పో అన్నాడు. బెంచీ మీద కూర్చోబెట్టి నేనొక్కణ్ణే ఎక్కా. గొలుసు కొత్తదే. అడ్డంగా కడ్డీ వస్తుంది, గట్టిగానే ఉంది. ఒకే ఒక్కటి..."

జేబులోంచి ఫోను తీసి, అక్కడి బోర్డుకి తీసిన ఫోటో చూపించాడు. పడవ దారిలో ఆగిపోతే, ఎక్కినవాళ్ళు ఎవరి సాయం లేకుండా మెట్లు దిగి కిందికి రాగలగాలి. అలా రాలేనివాళ్ళని ఎక్కించరు. తప్పు పట్టడానికి వీల్లేని రూలు. లిఫ్టు మధ్యలో ఇరుక్కున్నవాళ్ళని ఎన్నోసార్లు బయటికి లాగిన మనిషికి ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"నేను దిగగలను కదా," అంది గుండుసూది.

నిజమే, దిగగలదు. మెట్లెక్కడం మానేసి ఏడాదైంది, బావో నేనో వీపున ఎక్కించుకుంటాం. దిగడం మాత్రం, మెట్ల పక్క కటకటాలు పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించుకుంటూ, మొదటి అంతస్తు నుంచి కిందిదాకా దిగుతుంది.

"మూడంతస్తులు దిగగలిగితే అక్కడ దిగినట్టే," అన్నాడు బావ. "అక్కడి మెట్లు ఇంచుమించు అంతే ఉన్నాయి."

"కాళ్ళు అలిసిపోవూ?" అంది అక్క.

"ఎక్కితే అలిసిపోతాయి. ఎక్కేది నేను మోస్తాను. దిగేదే అది దిగుతుంది. బరువుని పైకి లాగడానికే మోటారు కష్టపడేది. కిందికి రావడానికేముంది, బరువే దాన్ని దించుతుంది."

అది వినగానే మా ముగ్గురికీ సరిగ్గానే అనిపించింది. ఎవరికైనా దిగడమే కదా తేలిక.

అలా మొదలైంది. సాయంత్రం బావ పని నుంచి రాగానే టీ కూడా తాగకుండా గుండుసూదిని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళేవాడు. మొదట్లో రెండో అంతస్తు నుంచి. కింద మెట్ల గదిలో వాచీలు బాగుచేసే తాత ఒకాయన కూర్చునేవాడు. కంటికి అద్దం బిగించుకుని, తల ఎత్తకుండానే అరిచేవాడు.

"ఏమ్మా, బండి బయల్దేరిందా?"

"బయల్దేరింది తాతా!"

"ఏ స్టేషన్లో ఉంది?"

"సిగ్నల్ ఇవ్వలేదు. ఆగింది!"

కిందికి చేరగానే ఆయన ఏదో ఒక వాచీ చెవి దగ్గర పెట్టేవాడు. అది కాసేపు విని, నాన్న వీపెక్కి పైకి వచ్చేది. మళ్ళీ దిగేది. నేను రెండు మెట్లు కిందుగా వెనక్కి నడుస్తూ దిగేదాన్ని, పడితే పట్టుకోడానికి. అలా ఎదురుగా ఉండడంవల్ల నాకు దాని మొహమే కనిపించేది. కింది పెదవి పళ్ళ కింద నొక్కుకుని, కాలు దించేటప్పుడు ఊపిరి బిగబట్టేది. పాదం ఆనగానే వదిలేది.

కొన్నాళ్ళకి మూడో అంతస్తు నుంచి దిగేసింది. ఆ రోజు బావ అందర్నీ ఐస్‌క్రీం తినడానికి తీసుకెళ్ళాడు. తాత కూడా వచ్చాడు, అద్దం నుదుటి మీదికి నెట్టుకుని. గుండుసూది ఐస్‌క్రీం మూతి నిండా పూసుకుని, "ఇప్పుడు ఆ పడవ ఆగిపోతేనే బాగుణ్ణు. అందరూ ఏడుస్తుంటే నేను దర్జాగా దిగొస్తా," అంది.

"నీ వెనక నేను దిగుతా," అన్నాడు బావ.

"నువ్వు కాదు. నువ్వుంటే ఆగినదాన్ని బాగుచేసేస్తావ్."

బావ అంత పెద్దగా నవ్వడం నేను ఆ ఇంటికొచ్చాక అదే మొదటిసారి చూడడం.

పడుకోబోయే ముందు కాళ్ళు నొప్పులని అనేది. అక్క నూనె రాసి పిసికేది. పిక్కలు చేతికి రాళ్ళలా తగిలేవి. "గట్టిపడుతున్నాయి, మంచిదేగా," అనేది అక్క, కానీ ఆ మాట అడిగినట్టుగా ఉండేది. నాకెందుకో పొద్దున పూట దాని నడక ముందుకన్నా నెమ్మదిగా ఉన్నట్టనిపించింది. అక్కతో అన్నాను. అక్క బావతో అంది.

"కొత్తలో నొప్పులు మామూలే. ఇంకెంతో లేదు, సెలవు కూడా అడిగేశా," అన్నాడు బావ.

"వ్యాయామాల డాక్టరమ్మని ఒక మాట అడిగితేనో?"

"సెలవులయ్యాక ఎలాగూ వెళ్ళాలిగా. కాళ్ళు కదిలిస్తూ ఉండండని ఆవిడే అంది కదా."

అన్న మాట నిజమే. కాళ్ళు కదిలిస్తూ ఉండమనే అంది.

తర్వాత ఒక సాయంత్రం బావ దాన్ని ఎప్పట్లాగే మూడో అంతస్తు మెట్ల మీద దించాడు. అది కటకటాలు పట్టుకుంది. ఒక కాలు కిందికి పెట్టబోయి, వెనక్కి తీసుకుని, మెల్లిగా కూర్చుంది.

"కొంచెం ఆగుదాం నాన్నా."

"ఆగుదాం," అని పక్కన కూర్చున్నాడు.

కింద నుంచి తాత కేకేశాడు. "బండి బయల్దేరిందా?"

ఇది జవాబు చెప్పలేదు. మెట్ల మీది లైటు కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. ఆరిపోయింది. బావ లేచి స్విచ్చి నొక్కి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ ఆరింది. మళ్ళీ నొక్కాడు. నేను రెండు మెట్ల కింద, చేతులు చాపడానికి సిద్ధంగా నిలబడే ఉన్నాను.

"ఇవాళ్టికి చాల్లే," అని చివరికి దాన్నెత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

తెల్లారి పక్క మీంచి దిగి, నేల మీద కూర్చుని బొమ్మలేవో సర్దుకుంది. లేవబోయింది. చేతులు నేలకి ఆనించింది. మోకాళ్ళ మీద పెట్టింది. చేతులు జారిపోయాయి. నవ్వి, మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టింది. మళ్ళీ జారాయి. అక్క స్టవ్ దగ్గర్నుంచి చూస్తోంది. సాయం వస్తే దానికి కోపం, అందుకని రాలేదు. మూడోసారి అది ప్రయత్నించలేదు.

"అమ్మా, లేపు," అంది.

ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ గది చిన్నది. గోడకి కండల బొమ్మ, ఎర్రగా. గుండుసూదిని బల్ల మీద పడుకోబెట్టి ఒక్కో కాలూ వంచి చూసింది, పిక్కలు నొక్కి చూసింది. "ఈ మధ్య ఏమన్నా ఎక్కువగా చేయించారా?" అంది.

బావ ముందుకొచ్చాడు. చెప్పవలసిందంతా ముందే సర్దిపెట్టుకున్నట్టు చెప్పాడు. "ఎక్కువేం లేదు మేడం. మెట్లు ఒక్కసారి కూడా ఎక్కించలేదు. ఎక్కేటప్పుడు నేనే మోశాను. దిగడం ఒక్కటే."

ఆవిడ చెయ్యి పిక్క మీదే ఆగిపోయింది.

"రోజూనా?"

"రోజూ. మూడంతస్తులు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడకీ ఇది చెప్పడం ఇష్టం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

"ఎక్కేటప్పుడు కండ ముడుచుకుని పనిచేస్తుందండీ. దిగేటప్పుడు ఒంటి బరువంతా మీదపడుతుంటే, సాగుతూ సాగుతూ ఆపాలి. మనకైతే తెలీదు. ఇలాంటి కండలకి అదే పెద్ద దెబ్బ. ఎక్కడం కన్నా దిగడమే."



"తిరిగొస్తుందా?" అంది అక్క.

"విశ్రాంతిస్తే కొంత రావచ్చు. నిలబడ్డం, నాలుగడుగులు... చూద్దాం. కానీ కుర్చీకి చెప్పి ఉంచండి. ఎలాగూ వచ్చేదేనమ్మా. కాస్త ముందొచ్చింది."

"ఎంత ముందు?" అన్నాడు బావ.

"అది ఎవరూ చెప్పలేరండీ."

"సుమారుగా. నెలలా? ఏడాదా?"

"నిజంగా చెప్పలేం."

బావ తలూపాడు. ఊపుతూనే ఉన్నాడు. బల్ల మీంచి గుండుసూది మా నలుగురి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూస్తోంది. "నాన్నా, చెప్పు తొడుగు," అంది. బావ వంగి చెప్పు తొడిగాడు. తర్వాత రెండోది. చాలాసేపు పట్టింది.

బస్టాపులో అక్క అతన్ని ఏమీ అనలేదు. అంటే బాగుణ్ణనిపించింది నాకు. "నేనూ రోజూ చూస్తూనే ఉన్నాగా," అని మాత్రం అంది, ఎదురుగా ఎవరూ లేనట్టు, రోడ్డు వైపు చూస్తూ.

ఆ రోజు నుంచి బావకి మాట పడిపోయినట్టయింది. పనికెళ్ళేవాడు, వచ్చేవాడు. గుండుసూదిని మోసుకుని కిందికి దించేవాడు, పైకి తెచ్చేవాడు. అడిగినదానికి ఊఁ అనేవాడు, లేకపోతే అదీ లేదు. ఒక మధ్యాహ్నం బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళ్తే, పూల సంచీ తీగ మీద ఆరుతోంది. ఇసుక తీసేసి, ఉతికి ఆరేసినట్టున్నాడు. తల కూడా అణిగిపోయి వేలాడుతోంది. మడిచి లోపల పెట్టాను.

కుర్చీ వచ్చింది. ఆసుపత్రి వాళ్ళు ఎవరో వాడినదే ఇచ్చారు. చక్రాలు బానే తిరుగుతున్నాయి. మా మూడు గదుల్లో అది తిరగడానికే చోటు లేదు. గుండుసూది దాన్ని వెనక్కీ ముందుకీ నడిపి, మంచం కోడుకి కొట్టుకుని, "దీనికి హారన్ లేదేంటి," అంది. బావ నవ్వకపోయేసరికి మళ్ళీ అంది. ఇంకోసారి అనలేదు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ అదే కష్టపడుతోందని నాకనిపించింది. రోజూ కొత్త జోకు, రోజూ అతని మొహం వైపు చూడ్డం.

సెలవులు అయిపోవస్తున్నాయి. బావ అడిగిపెట్టుకున్న సెలవు దగ్గరికొచ్చింది. అక్క పెరుగు కలుపుతూ, అదేదో మామూలు సంగతన్నట్టు అంది. "ఈసారికి మానేద్దామే. ఇంకెక్కడికైనా వెళ్దాం. అద్దాల్లో చేపలు పెట్టుంటారే, అక్కడికి."

"ఎందుకు?"

"ఎక్కనివ్వరు కదమ్మా."

"ఎక్కనివ్వకపోతే వాళ్ళే చెప్తారుగా. మీరెందుకు ముందే చెప్తారు?"

అక్క బావ వైపు చూసింది. బావ కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. సెలవు రోజు పొద్దున్నే మా అందరికన్నా ముందు తయారై, కుర్చీ మడిచి కిందికి మోసుకెళ్ళాడు. మళ్ళీ పైకొచ్చి గుండుసూదిని మోసుకెళ్ళాడు.

పార్కులో జనం బాగా ఉన్నారు. నీళ్ళ పడవ దగ్గర వరుస మలుపులు తిరిగి ఉంది. మేం చివర నిలబడ్డాం. ముందున్నాయన వెనక్కి తిరిగి కుర్చీని చూసి పక్కకి జరిగాడు. ఆయన ముందువాళ్ళు కూడా జరిగారు. "పోనివ్వండి, పాపని ముందు పోనివ్వండి," అని ఎవరో అన్నారు. మేం అడగలేదు. కాదనిపించుకోవడానికి అంత తొందరగా చేరిపోయాం.

గేటు దగ్గర పసుపు చొక్కా వేసుకున్న అమ్మాయి నిలబడి ఉంది. నా వయసే ఉంటుంది. కుర్చీని చూడగానే ఆ అమ్మాయి మొహం సర్దుకుంది. వంగి, అందరినీ అడిగే గొంతుతోనే అడిగింది.

"మధ్యలో ఆగిపోతే ఎవరి సాయం లేకుండా మెట్లు దిగగలవా పాపా?"

"పోయిన నెల దిగేదాన్ని," అంది గుండుసూది.

"ఇప్పుడు?"

అది బావ వైపు చూసింది. బావ గొలుసు వైపు చూస్తున్నాడు.

"ఇప్పుడు లేదు," అంది.

"నేను దించుతాను," అంది అక్క. "రోజూ దించుతున్నాం. వాళ్ళ నాన్న వీపున కట్టుకుని మరీ దించుతాడు, నీకేం భయం లేదు."

"రూలమ్మా. నా చేతుల్లో లేదు."

"మరెవరి చేతుల్లో ఉంది? చెప్పు, వాళ్ళ దగ్గరికే పోతాను."

ఆ అమ్మాయి పక్కకెళ్ళి ఫోను చేసింది. మాకు వీపు పెట్టి మాట్లాడింది. తిరిగొచ్చి తల అడ్డంగా ఊపింది. "సారీ అమ్మా," అంది, ఈసారి తన గొంతుతో. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. అక్క అది చూసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కోపంగా ఉండడానికి కూడా ఎవరూ దొరకలేదు. వెనక వరుసలో జనం మా వైపు చూడకుండా ఉండడానికి ఆకాశం చూస్తున్నారు.

"పిన్నీ, నువ్వెక్కు," అంది గుండుసూది.

"నేనా?"

నేను మేడ మీంచి కిందికి చూడ్డానికే కటకటాలు పట్టుకునే మనిషిని.

"అమ్మ ఏడుస్తోంది. నాన్న..." అని ఆగింది. "నువ్వెళ్ళు. వచ్చి చెప్పు."

ఎవరూ నన్ను వద్దనలేదు. పసుపు చొక్కా అమ్మాయి కడ్డీ నా ఒళ్ళోకి దించి, లాగి చూసింది. పక్క సీటు ఖాళీ. పడవ నీళ్ళలో కొంచెం దూరం జరిగి, గొలుసుకి తగులుకుని, టకటకమంటూ పైకి లేవడం మొదలుపెట్టింది. పక్కనే మెట్లు, వెడల్పుగా, ఇనపవి, పైదాకా. నేను అవి చూడకుండా కిందికి చూశాను. కుర్చీ చక్రాలు ఎండకి మెరుస్తున్నాయి. అక్క చేత్తో కళ్ళకి నీడ పెట్టుకుంది. గుండుసూది తల పూర్తిగా వెనక్కి వాల్చి నన్నే చూస్తోంది. బావ వేరే వైపు నిలబడి ఉన్నాడు. పైకెళ్ళే కొద్దీ ముగ్గురూ చిన్నవాళ్ళయిపోయారు, వాళ్ళ మధ్య ఉన్న దూరం మాత్రం తగ్గలేదు.

పైన పడవ ఆగింది. గాలి వీస్తోంది. ఆ కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత కింద నేల లేకుండా పోయింది.

బయటికొచ్చేసరికి నా బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. గుండుసూది కుర్చీ చక్రాలు తనే తిప్పుకుంటూ నాకెదురొచ్చింది.

"ఎలా ఉంది?"

భయమేసింది అని చెప్తే చాలేమో, ఏం లేదే, ఊరికే నీళ్ళు పడ్డాయి అంటే దానికి తేలికవుతుందేమో అనుకుంటూనే వచ్చాను. కానీ అది నా మొహం అప్పటికే చూసేసింది.

"బాగుంది," అన్నాను.

"ఎంత?"

"చాలా."

అది కళ్ళు దించుకుని నా పైట అంచు నుంచి కారుతున్న నీళ్ళు చూసింది. చెయ్యి చాపి, ఆ తడి పట్టుకుని, వదిలేసింది.

"అన్నీ చెప్పు. మొదట్నించీ."

చెప్పాను. కడ్డీ చల్లగా ఉండడం. గొలుసు చప్పుడు వీపులోకి రావడం. కింద సరుకులమ్మేవాళ్ళ గొడుగులు పైనుంచి బొత్తాల్లా కనపడ్డం. పైన కాసేపు ఆగడం.

"ఆగిందా?" అంది. "ఎందుకాగింది?"

"ఏమో. నాకు తెలీదు."

అది తల తిప్పి బావ వైపు చూసింది. అడగలేదు. ఊరికే చూస్తూ ఉంది. అక్క కూడా ముక్కు తుడుచుకోవడం ఆపింది.

"ముందున్న పడవ దాటాలి," అన్నాడు బావ. గొంతు సర్దుకున్నాడు. "అది కింద దాటితేగానీ రెండోదాన్ని వదలరు. లేకపోతే గుద్దుకుంటాయి. నీళ్ళ కింద ఒక కన్నులాంటిది ఉంటుంది. అది చూసి చెప్తుంది."

"ఆ కన్ను పాడైపోతే?"

"పాడైతే అసలు వదలదు. పైనే ఉంచేస్తుంది."

"ఊఁ," అంది. మళ్ళీ నా వైపు తిరిగింది. "తర్వాత? కిందికి వచ్చేటప్పుడు?"

"అప్పుడు... కళ్ళు మూసుకున్నానే."

"మూసుకున్నావా!" అంత కోపం దానికి ఆ వేసవి మొత్తంలో ఎవరి మీదా రాలేదు. "అదే కదా నాకు కావాల్సింది! ఎక్కేది ఎవరు చెప్పమన్నారు నిన్ను? వెళ్ళు. మళ్ళీ ఎక్కు. ఈసారి మూసుకోకు."

"తడిసిపోయిందే పాపం," అంది అక్క.

"ఆరాక ఎక్కితే మాత్రం తడవదా?"

తడి చెప్పులు జారుతుంటే వెళ్ళి వరుస చివర నిలబడ్డాను. ఈసారి ఎవరూ దారివ్వలేదు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. బావ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వేలెత్తి గొలుసు వైపు చూపిస్తూ ఏదో చెప్తున్నాడు. గుండుసూది అతని భుజం మీద చెయ్యి వేసుకుని వింటున్నట్టే ఉంది. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి, నేను ఎక్కడ వరుసలోంచి తప్పించుకుంటానోనని.